భయాన్ని నిద్రపుచ్చిన ఫారియా

హిప్నాటిజం అనగానే మన తెలుగువాళ్లకు 2025లో కన్నుమూసిన పట్టాభిరామ్ గారు గుర్తొస్తారు. కానీ 200 ఏళ్ల కిందటే ఈ విద్య గుట్టు విప్పినవారిలో ఒక భారతీయుడు ఉన్నారు. ఆయనే అబ్బే ఫారియా. పేరు వింటే మాకు మొదట నవ్వొచ్చింది గానీ, అబ్బే అంటే ఫ్రెంచి భాషలో చర్చి ఫాదర్ అని అర్థం.

ఆయన 1756 మే నెలలో గోవాలోని కాండోలిం గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి సన్యాసిని అయ్యారు, తండ్రి చర్చి ఫాదర్ అయ్యారు. 15 ఏళ్ల వయసులో తండ్రి వెంట లిస్బన్ చేరి, తర్వాత రోమ్‌లో చదువుకుని 1780లో తానూ ఫాదర్ అయ్యారు.

ఒకసారి పోర్చుగల్ రాణి ముందు ప్రసంగించబోతే ఆయనకు నోట మాట రాలేదట. దగ్గరున్న తండ్రి కొంకణిలో, ఎదురుగా ఉన్నదంతా కూరాకే, కోసెయ్యమని మెల్లగా చెప్పారట. అంతే, భయం పోయి ధారాళంగా మాట్లాడారట. నిజమో కట్టుకథో గానీ, స్టేజీ ఎక్కి మైకు చూడగానే కాళ్లు వణికే మా హాస్టల్ పిల్లలకు ఇది బాగా నచ్చింది.

1788లో పారిస్ వెళ్లిన ఫారియా, 1813లో అక్కడ బహిరంగ ప్రదర్శనలు మొదలుపెట్టారు. అప్పట్లో మెస్మర్ అనే వైద్యుని శిష్యులు, తమ చేతుల్లోంచి ఒక అయస్కాంత శక్తి రోగిలోకి పారుతుందని నమ్మేవారు. అలాంటిదేమీ లేదన్నారు ఫారియా. ఆయన పద్ధతి సాదాసీదాది. మనిషిని కుర్చీలో హాయిగా కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని నిద్ర మీదే మనసు పెట్టమనేవారు. చుట్టూ నిశ్శబ్దం. ఒళ్లు సడలాక, నిద్రపొమ్మని ఒక్క మాట గట్టిగా చెప్పేవారు. అది చాలని వాళ్లకు అరచేయి చూపి, దాన్ని నెమ్మదిగా కళ్ల దగ్గరికి తెచ్చేవారు. లేదా నుదురు, ముక్కు, మోకాళ్లు, పాదాలు తేలికగా తాకేవారు. ఈ తాకడాలూ నిశ్శబ్దమూ సాయం మాత్రమే, నిద్ర వచ్చేది ఆ మనిషి మనసులోంచే అని ఆయన తేల్చారు. నేటి హిప్నోథెరపీలోనూ ముందు ఊపిరి నెమ్మదించి, ఒళ్లు వదులు చేయించి, మెల్లని గొంతుతో మాట్లాడతారు.

మా కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానంతో అమాయకులను కొట్టి చంపిన సంఘటనలు జరిగాయి. అందుకే ఫారియా మాట మాకు పాత సంగతిలా అనిపించదు. ఎదుటివాడి చేతిలో ఏ మాయా లేదని చెప్పిన ఆయన్నే, సైతాను పని చేస్తున్నాడని కొందరు మతపెద్దలు నిందించారు. ఒక నటుడు నిద్రపోయినట్టు నటించి, నలుగురిలో కళ్లు తెరిచి పరువు తీశాడు. 1816లో ఎగతాళి నాటకం కూడా ఆడారు. చివరికి ఆయన ఒక బాలికల పాఠశాలలో ఫాదర్‌గా చేరి, తన పరిశోధనంతా పుస్తకంగా రాశారు. అది వెలువడిన 1819లోనే, సెప్టెంబర్ 20న మరణించారు. సమాధికి గుర్తు కూడా మిగల్లేదు.

హిప్నాటిజం అన్న పేరు 1840లలో బ్రెయిడ్ అనే డాక్టరు వల్ల వాడుకలోకి వచ్చింది. ఫారియాకు మాత్రం 1945లో పణజిలో విగ్రహం పెట్టారు. అందులో ఆయన చేతులు చాచి నిలబడి ఉంటారు, ఎదురుగా ఒక స్త్రీ నిద్రలోకి ఒరిగిపోతూ ఉంటుంది.