ఇల్యా మెచ్నికోవ్

కాలిలో ముల్లు విరిగితే పిన్నీసుతో తీసేస్తాం. తీయకుండా వదిలేస్తే మర్నాటికి ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. సలుపు మొదలవుతుంది. కొన్నాళ్ళకు చీము పడుతుంది. చీములో ఉండేవి చాలావరకు మన తెల్ల రక్తకణాలే. అవి అక్కడికి ఎందుకు చేరుతాయి? సూక్ష్మజీవులను మోసుకుపోయి ఒళ్ళంతా వ్యాపింపజేయడానికేనని ఒకప్పుడు చాలామంది వైద్యులు నమ్మేవారు. ఆ నమ్మకాన్ని కదిలించినవాడు ఇల్యా మెచ్నికోవ్. విచిత్రమేమంటే ఆయన వైద్యుడు కాడు, జంతుశాస్త్రజ్ఞుడు.

మెచ్నికోవ్ 1845లో ఖార్కివ్ నగరానికి సమీపంలోని ఒక పల్లెలో జన్మించాడు. నేడు ఉక్రెయిన్‌లో ఉన్న ఆ ప్రాంతం అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో భాగం. విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ చదువును ఆయన రెండేళ్ళలోనే ముగించాడు. తరువాత ఒడెస్సాలో ఆచార్యుడయ్యాడు. మొదటి భార్య లుద్మిలాను 1873లో క్షయవ్యాధి బలిగొన్నది. వ్యాధి మనిషిని ఎలా గెలుస్తుందో ఆయన అంత దగ్గరగా చూశాడు. కొన్నేళ్ళకు ఓల్గాను వివాహమాడాడు. 1882లో ఉద్యోగానికి రాజీనామా చేసి, కుటుంబంతో ఇటలీలోని సిసిలీ ద్వీపానికి వెళ్ళి మెస్సీనా పట్టణంలో సముద్రపు ఒడ్డున కాపురం పెట్టాడు.

ఒకనాడు ఇంట్లోవాళ్ళంతా సర్కస్‌లో కోతులను చూడడానికి వెళ్ళారు. మెచ్నికోవ్ ఒక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. ఆయన చూస్తున్నది నక్షత్ర చేప పిల్లను. దాని శరీరం నీటిలా పారదర్శకం. లోపల కొన్ని కణాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. శత్రువు లోపలికి వస్తే ఇవి ఎదుర్కొంటాయేమోనన్న ఆలోచన ఆయనకు తటాలున వచ్చింది. తోటలోకి వెళ్ళి గులాబీ ముళ్ళు కోసుకొచ్చి, వాటిని ఆ చిన్న జీవి చర్మం కిందికి గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే చూస్తే తిరిగే కణాలన్నీ ముల్లు చుట్టూ గుమిగూడి ఉన్నాయి! ఆ జీవికి రక్తనాళాలు లేవు, గుండె లేదు. అంటే ఆ కణాలను అక్కడికి ఏ రక్తప్రవాహమూ తీసుకురాలేదు. అవే కదిలి వచ్చాయి. సూక్ష్మజీవులను మింగి జీర్ణం చేసుకొనే ఇటువంటి కణాలకే తరువాత భక్షక కణాలని పేరు వచ్చింది.

మరి ముల్లు ఎక్కడున్నదో ఆ కణాలకు ఎలా తెలిసింది? 1888లో జర్మన్ కంటివైద్యుడు థియోడోర్ లేబర్ తెల్లకణాలు కొన్ని రసాయనాల వైపు ఆకర్షితమవుతాయని చూపాడు. మెచ్నికోవ్ దానిని అంగీకరించి, 1891లో ప్యారిస్‌లోని పాస్టర్ సంస్థలో ఇచ్చిన ఉపన్యాసాలలో వివరించాడు. అప్పటికి మూడేళ్ళుగా ఆయన అక్కడే పనిచేస్తున్నాడు.

కాని జర్మనీ శాస్త్రవేత్తలలో పలువురు ఆయనను ఒప్పుకోలేదు. సూక్ష్మజీవులను చంపేది కణాలు కావు, రక్తద్రవమేనని వారి వాదం. ఆ వివాదం ఏళ్ళ తరబడి సాగింది. మెచ్నికోవ్‌ది ఆవేశపరుడి స్వభావం. వాదించడానికి ఎన్నడూ వెనుదీయలేదు. 1908లో నోబెల్ బహుమతిని ఆయనకూ, రక్తద్రవం పక్షాన నిలిచిన పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చారు. 1916 జులై 15న మెచ్నికోవ్ ప్యారిస్‌లో మరణించాడు.

పోపు వాసనను బట్టి వంటిల్లు ఎటున్నదో మనం చెప్పగలం కదా! తెల్లకణం పని కూడా అటువంటిదే. గాయపడిన కణాల నుంచి, సూక్ష్మజీవుల నుంచి కొన్ని రసాయనాలు వెలువడతాయి. గాయం దగ్గర అవి చిక్కగాను, దూరంగా పలుచగాను ఉంటాయి. తెల్లకణం తన పైపొర మీది గ్రాహకాలతో ఆ తేడాను గుర్తించి, రక్తనాళపు గోడ సందులోంచి దూరి, చిక్కదనం ఉన్న వైపు పాకుతుంది. ఇటువంటి రసాయన సంకేతాలలో కీమోకైన్లు ఒక పెద్ద కుటుంబం. ఇప్పటికి వాటిలో నలభైకి పైగా తెలిశాయి.

మెచ్నికోవ్ ప్రయోగశాలలోనే పనిచేసిన జూల్ బోర్డే 1895 ప్రాంతంలో రక్తద్రవంలోని ఒక పదార్థాన్ని గుర్తించాడు. అది సూక్ష్మజీవులను చంపడానికి తోడ్పడుతుంది. గురువు ప్రత్యర్థులకు అది మంచి ఆయుధమే అయింది. నేడు కాంప్లిమెంట్ అని పిలిచే ఆ పదార్థం నిజానికి అనేక ప్రోటీన్ల సముదాయం. వాటిలో ఒకటి చీలినప్పుడు విడివడే చిన్న ముక్క, భక్షక కణాలను గాయం వద్దకు రప్పించే బలమైన సంకేతాలలో ఒకటని తరువాతి శతాబ్దంలో తేలింది.