గుర్రం కళ్లకు గంత కట్టిన కుర్రాడు



స్కేటింగ్‌లోనో, సైకిల్ మీదో పిల్లలు ఒకసారి పడగానే ఇంట్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఇక చాలు, మానేయమని ఒకరంటారు. ఏం కాలేదు, వెంటనే లేచి ఎక్కమని ఇంకొకరంటారు. ఈ రెండింటికీ మధ్య మరో దారి ఉందని యులిసిస్ గ్రాంట్ జీవితం చదివాక నాకు అనిపించింది.

గ్రాంట్ 1822 ఏప్రిల్ 27న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. తండ్రిది తోళ్లు శుద్ధి చేసే వ్యాపారం. ఆ పని అంటే కొడుక్కి అస్సలు గిట్టేది కాదు. గుర్రాలంటే మాత్రం ప్రాణం. ఎనిమిదేళ్ల వయసులో ఒక గుర్రప్పిల్లను కొనడానికి వెళ్లి, నాన్న ముందు 20 డాలర్లు అడగమన్నాడని, ఒప్పుకోకపోతే 22.50, అప్పటికీ కాదంటే 25 ఇమ్మన్నాడని ఉన్నదున్నట్టు యజమానికే చెప్పేశాడు. ఎంతకు కొన్నాడో మీరే ఊహించవచ్చు! ఊళ్లో పిల్లలు చాలాకాలం అతన్ని ఏడిపించారు.

పదిహేనేళ్లప్పుడు ఇంటికి దాదాపు 70 మైళ్ల దూరంలో, కెంటకీలో, తన బండి గుర్రాల్లో ఒకదాన్ని ఇచ్చి కొత్త గుర్రాన్ని తీసుకున్నాడు. అది స్వారీ గుర్రం. దానికి అంతవరకూ బండి లాగే అలవాటే లేదు. దారిలో ఒక కుక్క మీదికి రావడంతో బెదిరి పరుగు లంకించుకుంది. ఒకసారి ఆపితే మళ్లీ పరుగు తీసింది. పక్కన 20 అడుగుల లోతు గట్టు. సరిగ్గా దాని అంచున గ్రాంట్ బండిని ఆపగలిగాడు. గుర్రం వణికిపోతోంది. కదిలించబోతే కాళ్లతో తన్నుతోంది. తోడు వచ్చిన వ్యక్తి భయపడి వేరే బండి ఎక్కి వెళ్లిపోయాడు.

గ్రాంట్ దాన్ని కొట్టలేదు. జేబులోంచి పెద్ద చేతిరుమాలు తీసి దాని కళ్లకు గంత కట్టాడు. బెదిరించేదేదీ కనిపించకపోయేసరికి అది నెమ్మదిగా నడిచింది. మర్నాటికి మేస్‌విల్ చేరాడు. అక్కడ బంధువు దగ్గర మరో గుర్రాన్ని అడిగి తీసుకుని ఇంటిదారి పట్టాడు. కొత్త గుర్రం ఒక్కరోజులో దారికి రావాలని పట్టుబట్టలేదు.

తర్వాత వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో 39 మందిలో 21వ ర్యాంకుతో 1843లో బయటికి వచ్చాడు. మార్కులు అంతంతమాత్రమే అయినా గుర్రపు స్వారీలో అతన్ని మించినవారు లేరని పేరు.

అంతటి రౌతు కూడా పడ్డాడు. అమెరికా అంతర్యుద్ధంలో విక్స్‌బర్గ్‌ను గెలిచిన రెండు నెలలకే, 1863 సెప్టెంబరులో, న్యూ ఆర్లీన్స్‌లో సైనిక కవాతు చూసి అరువు గుర్రం మీద వస్తున్నాడు. రైలింజన్ చూసి గుర్రం బెదిరి పడిపోయింది. గ్రాంట్‌కు స్పృహ తప్పింది. కాలు మోకాలి నుంచి తొడ వరకు వాచిపోయింది. వారం రోజులకు పైగా మంచం మీద పక్కకు తిరగడానికి కూడా వీల్లేకపోయింది. తాగి పడ్డాడని పుకార్లు కూడా లేచాయి.

కాలు పూర్తిగా బాగుపడకముందే పిలుపు వచ్చింది. చాటనూగా పట్టణంలో ప్రభుత్వ సైన్యం ముట్టడిలో చిక్కుకుని అర్ధాకలితో ఉంది. అక్టోబరులో, కర్రల సాయంతో నడుస్తూనే అక్కడికి బయలుదేరాడు. చివరి కొండదారిలో అక్కడక్కడా మోకాటి లోతు బురద. గుర్రం మీద పోవడం ప్రమాదమైన చోట మనుషులు అతన్ని మోసుకుపోయారు. అందుకు అతను చిన్నతనం అనుకోలేదు. మిగతా దారి మళ్లీ గుర్రం మీదే. చేరిన కొద్దిరోజుల్లోనే సైనికులకు ఆహారం అందే మార్గం తెరిపించాడు. నవంబరు 25కల్లా ముట్టడి పూర్తిగా తొలగిపోయింది.

1865లో యుద్ధం ముగించిన సేనాని ఆయనే. 1869 నుంచి 1877 వరకు అమెరికా అధ్యక్షుడు. 1885లో గొంతు క్యాన్సర్‌తో కన్నుమూసేముందు, కుటుంబం అప్పుల్లో మిగలకూడదని పట్టుదలగా ఆత్మకథ పూర్తిచేశాడు. చిన్ననాటి గుర్రాల కబుర్లు అందులో ఆయనే రాసుకున్నవి.

క్లాసులో ఈ కథ చెప్పినప్పుడు పిల్లలకు బాగా నచ్చింది యుద్ధం కాదు, చేతిరుమాలు. భయపడ్డ గుర్రాన్ని తిడితే ఇంకా బెదురుతుంది, భయపెట్టేదాన్ని కాసేపు కళ్ల ముందు లేకుండా చేస్తే నడుస్తుంది. పిల్లలూ అంతే. ఈసారి మీ అమ్మాయో అబ్బాయో పడ్డప్పుడు వీడియో తీయకండి, పక్కింటి పిల్లలతో పోల్చకండి. దెబ్బ మానడానికి ఎన్ని రోజులు కావాలో అన్ని రోజులూ ఇవ్వండి. సాయం అడిగితే చెయ్యి అందించండి. మళ్లీ ఎప్పుడు ఎక్కాలో మాత్రం వాళ్లనే చెప్పనివ్వండి.