రాఘవాపురం వెంకయ్య వెతుకులాట

విజయవాడ నుంచి హైదరాబాదు పోయే రహదారి నందిగామ, చిల్లకల్లు మీదుగా సాగుతుంది. ఆ మెట్ట పల్లెల చర్చిల చరిత్రను దొరల పేర్లతో మొదలుపెట్టడం మనకు అలవాటు. నిజానికి మొదలుపెట్టవలసింది రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్యతో.

వెంకయ్య 1811 ప్రాంతంలో పుట్టారు. నడివయసులో, మిషనరీ ముఖమైనా చూడకముందే, విగ్రహాలు దేవుళ్లు కావన్న మాట ఆయన చెవిన పడింది. విని ఊరుకోలేదు. పూజలు మానేశారు. అసలు దేవుడెవరో, ఎక్కడున్నాడో తనకు కనబడమని ఏళ్ల తరబడి వేడుకున్నారు. పేరైనా తెలియని దేవుడికి ప్రార్థన!

అప్పటికి సీఎంఎస్ మిషన్ మచిలీపట్నంలో అడుగుపెట్టి చాలా కాలమైంది. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ అగ్రవర్ణాల పిల్లల చదువుపైనే దృష్టి పెట్టారు. పైవాళ్లు మారితే కిందివాళ్లు వాళ్ల వెనుకే వస్తారన్నది ఆనాటి లెక్క. ఆ లెక్కను రాఘవాపురం తలకిందులు చేసింది. కృష్ణ స్నానాల పండుగకు బెజవాడ వెళ్లిన వెంకయ్యకు ఒక బ్రాహ్మణుడు అక్కడి దొరను అడగమని చెప్పారట. ఆ దొర టి.వై. డార్లింగ్. తాను వెతుకుతున్న దేవుడు ఈయనేనని వెంకయ్య అక్కడికక్కడే తేల్చుకున్నారు. 1859లో తనవారితో కలిసి బాప్తిస్మం పొందారు. ఆపైన 1891లో కన్నుమూసేదాకా పల్లెపల్లెకూ తిరిగి తాను నమ్మినది చెప్పారు.

క్రైస్తవంలో పాపానికి జవాబు చెప్పుకోవలసింది ఎవరికి వారే, రక్షణను విశ్వాసంతో అందుకోవలసిందీ ఎవరికి వారే. మాలవాడి పుట్టుకే పూర్వజన్మ పాపానికి శిక్ష అని చెప్పే సమాజంలో ఇది చిన్న మాట కాదు. బ్రాహ్మణుడూ మాలా ఒకే వరుసలో పాపులయ్యారు. నా తప్పుకు నేనే బాధ్యుణ్ణి అనడమంటే, నా పుట్టుక తప్పు కాదనడం కూడా.

అయితే పల్లెలు గుంపులుగా వచ్చాయి గనుక అది నిజమైన మారుమనస్సు కాదన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 1936లో జాన్ మాట్‌తో మాట్లాడుతూ గాంధీ అంటరానివారి గ్రహణశక్తిని ఆవుతో పోల్చారు. దోర్నకల్ బిషప్ అజరయ్య గాంధీ వాదనను ఒప్పుకోలేదు. ఒకడు మారితే వాడంతటికీ కూలి పోయే చోట కలిసి నిర్ణయించుకోవడం బాధ్యత లేకపోవడమెలా అవుతుంది? వెంకయ్య ఏళ్ల తరబడి ఒంటరిగా వెతికారన్న సంగతి ఈ విమర్శకులకు ఎందుకో గుర్తుండదు.

చర్చి కూడా కులాన్ని పూర్తిగా వదల్లేదు. ఒంగోలు బాప్టిస్టులలో 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య వెనుక మాదిగలు, ఇక్కడ వెంకయ్య వెనుక మాలలు నడిచారు. మిషన్లు వేరు, వాడలు వేరు. ఆ ఎడం చర్చిల్లో నేటికీ కనిపిస్తుంది.

ఇక రాజ్యం లెక్క. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ తలుపు తెరిచింది. క్రైస్తవులైన దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కింద ఒక్క శాతం కోటాలో ఉన్నారు. వెంకయ్య వెతికి తేల్చుకున్న విశ్వాసాన్ని ఆయన వారసులు దరఖాస్తు గడిలో రాయాలా వద్దా అని ఇంటింటా తర్జనభర్జన పడుతున్నారు.