పూర్వీకుల పేర్లకు ప్రాణం పోసిన డేనియల్ రప్

తండ్రి పేరు, తాత పేరు మనందరికీ తెలుసు. ముత్తాత తండ్రి ఎవరని అడిగితే మాత్రం మనలో చాలామంది ఇంటి పెద్దల ముఖం చూస్తారు. ఆ పెద్దలు కూడా లేనినాడు ఎవరిని అడగాలి? సముద్రం దాటి, భాష మారి, చివరకు ఇంటిపేరు సైతం మారిపోయిన కుటుంబాల సంగతి మరీ కష్టం. అటువంటి వేలాది కుటుంబాలకు వారి మూలపురుషుల పేర్లు చూపిన ధన్యజీవి ఇజ్రాయెల్ డేనియల్ రప్.

ఆయన 1803 జూలై 10న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, కంబర్లాండ్ కౌంటీలో జన్మించారు. తాతగారు యోనాస్ రప్ 1751లో జర్మన్ సీమను విడిచి ఆ గడ్డపై అడుగుపెట్టినవారు. మనుమడు వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. జర్మన్, ఆంగ్ల భాషలు రెండూ ఆయనకు కరతలామలకం. యుద్ధాన్ని నిరాకరించే మెనోనైట్ క్రైస్తవులు తమ విశ్వాసం కోసం ప్రాణాలర్పించిన పూర్వుల చరిత్రను ఒక బృహద్గ్రంథంగా భద్రపరచుకున్నారు. దానిని రప్ 1837లో ఆంగ్లంలోకి తెచ్చారు. అమెరికాలోని మతశాఖల చరిత్రను 1844లో సంకలనం చేసినప్పుడు, ఏ శాఖ గురించి ఆ శాఖవారి చేతనే వ్రాయించారు. ఎవరి కథ వారి నోటనే వినాలన్నది ఆయన పద్ధతి.

ఇక ఆయన జీవితంలోని ప్రధాన కార్యాన్ని తెలుసుకోవాలంటే మనం కొంత వెనుకకు వెళ్లాలి. 1683లో క్రెఫెల్డ్ పట్టణం నుండి వచ్చిన 13 కుటుంబాలు ఫిలడెల్ఫియా చెంత జర్మన్‌టౌన్‌ను స్థాపించాయి. యుద్ధాలు, మతపీడనం, దారిద్ర్యం తరుమగా ఆ తరువాత వేలాది మంది రైన్ నది వెంట రోటర్‌డామ్ చేరి, అక్కడ ఓడలెక్కారు. దారిలో కన్నుమూసినవారెందరో! ఓడ కిరాయి చెల్లించలేనివారు, దానిని చెల్లించిన యజమాని ఇంట ఏళ్ల తరబడి ఊడిగం చేశారు.

ఇంతమంది పరదేశీయులను చూసి ఆంగ్ల పాలకులకు బెదురు పుట్టింది. 1727 సెప్టెంబరులో పెన్సిల్వేనియా పాలకమండలి ఒక ఆజ్ఞ జారీ చేసింది. ప్రతి ఓడ అధిపతి తన ప్రయాణికుల జాబితా ఇవ్వాలి. 16 ఏళ్లు నిండిన పురుషులు బ్రిటన్ రాజుకు విధేయులమని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. అక్షరం రానివారు గుర్తు పెట్టారు. గమనించారా! అనుమానంతో వ్రాయించిన చిట్టాలవి. పని తీరగానే అవి దస్త్రాలలో మరుగున పడిపోయాయి.

శతాబ్దం గడిచాక రప్ ఆ చిట్టాలను చేతపట్టారు. ఒక్కొక్క ఓడ, ఒక్కొక్క తేదీ, ఒక్కొక్క పేరు ఎత్తి వ్రాసి, 1727 మొదలు 1776 వరకు వచ్చిన ముప్పది వేలకు పైగా పేర్లను 1856లో గ్రంథంగా ప్రకటించారు. పరాయివారన్న శంకతో వ్రాసిన పట్టీ, ఆయన చేతి చలువతో వంశస్మృతిగా మారింది.

ఈ పేర్ల విలువ ఏమిటంటారా? ఆంగ్ల గుమాస్తాలు జర్మన్ పేర్లను చెవికి వినిపించినట్లు వ్రాసుకున్నారు. కాలక్రమంలో ముల్లర్ మిల్లర్ అయ్యాడు, ష్మిట్ స్మిత్ అయ్యాడు. వడ్రంగి అని అర్థమిచ్చే జిమ్మర్‌మన్, అదే అర్థం గల కార్పెంటర్‌గా మారాడు. మనుమలకు తాతల అసలు పేరే తెలియని స్థితిలో, ఆ తాత ఒకనాడు స్వహస్తంతో చేసిన సంతకమే ఆధారం.

రప్ కృషి లోపరహితమని చెప్పలేము. పాత జర్మన్ చేవ్రాతను చదవడంలో పొరపాట్లు దొర్లాయి. 1934లో స్ట్రాస్‌బర్గర్, హింకే అనే పండితులు ఆ సంతకాల ప్రతిబింబాలతో సహా జాబితాలను మరల ప్రచురించి వాటిని సరిదిద్దారు. అయితే ఎవరూ సరిదిద్దలేని లోటు ఒకటుంది. ప్రమాణం పురుషులకే గనుక, అదే ఓడలో వచ్చిన తల్లుల, బిడ్డల పేర్లు చాలావరకు ఆ చిట్టాలకు ఎక్కనేలేదు. వారి కోసం చర్చిలలోని జ్ఞానస్నానాల, వివాహాల పుస్తకాలు, వీలునామాలు వెదకవలసిందే.

అందరి తాతల పేర్లూ వెదికిన రప్, 1875లో తన తాత యోనాస్ జీవితాన్ని, తమ కుటుంబ వంశావళిని కూడా ప్రచురించారు. మరుసటి ఏడాది పేర్ల గ్రంథం రెండవసారి అచ్చయింది. 1878 మే 31న ఫిలడెల్ఫియాలో ఆయన తనువు చాలించారు.

పాఠకులారా! పూర్వీకులు వెళ్లిపోయినా, వారి పేర్లు నిలపడం మన చేతిలోని పని. ఈ ఆదివారమే మీ ఇంటి పెద్దల చెంత కూర్చోండి. తాతముత్తాతల పేర్లతో పాటు నాయనమ్మల, అమ్మమ్మల పేర్లు, వారి పుట్టిళ్ల పేర్లు కూడా అడిగి వ్రాసుకోండి. ఏ చిట్టాకూ ఎక్కని ఆ తల్లుల పేర్లు మీ చేతివ్రాతలోనైనా నిలిచి ఉంటాయి.