ఆల్బెర్ట్ కామూ: జేబులో రైలు టికెట్.. కారులో మృత్యువు! చావును దగ్గరగా చూసి బతుకు గురించి రాసిన రచయిత

1960 జనవరి 4. ఫ్రాన్స్‌లో పారిస్ వైపు వేగంగా వెళ్తున్న ఓ కారు అదుపు తప్పి చెట్టును ఢీకొట్టింది. ముందు సీట్లో ఉన్న 46 ఏళ్ల వ్యక్తి అక్కడికక్కడే చనిపోయారు. ఆయన దగ్గర వాడని రైలు టికెట్ దొరికింది. రైల్లోనే వెళ్దామనుకున్నారు. స్నేహితుడు రమ్మనడంతో కారెక్కారు. ఆయనే నోబెల్ గ్రహీత ఆల్బెర్ట్ కామూ.

నిజానికి చావు ఆయనకు కొత్తేం కాదు. 1913లో, అప్పటి ఫ్రెంచ్ పాలనలోని అల్జీరియాలో పుట్టారు. ఏడాది నిండకముందే తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయారు. సరిగ్గా వినిపించని, చదువురాని తల్లి ఇళ్లలో పాచిపని చేసి పిల్లల్ని పెంచింది. తండ్రి గురించి ఇంట్లో చెప్పిన ఒక విషయం మాత్రం కామూ మనసులో ఉండిపోయింది. ఓ హంతకుడి తల నరికే శిక్షను చూడ్డానికి తెల్లవారుజామునే వెళ్లిన ఆయన, ఇంటికొచ్చి ఒక్క మాటా మాట్లాడకుండా వాంతి చేసుకున్నారట. ఆ తర్వాతి కాలంలో ఉరి, గిలెటిన్ లాంటి మరణశిక్షలను కామూ గట్టిగా వ్యతిరేకించారు.

కుర్రాడిగా ఆయన మంచి గోల్‌కీపర్. 17 ఏళ్లకే క్షయ. అప్పటికి ఆ జబ్బును నయం చేసే మందులే లేవు! ఆట ఆగిపోయింది. మాంసం దుకాణం నడిపే బంధువు ఇంట్లో ఉంటూ బలమైన తిండి తిన్నారు, పుస్తకాలు చదివారు. రేపు ఉంటామో లేదో తెలియని ఆ వయసులోనే ఎండ, సముద్రం ఆయనకు ఎంత విలువైనవో అర్థమైంది.

1942లో వచ్చిన 'ది స్ట్రేంజర్' నవల అక్కడి నుంచే పుట్టిందనిపిస్తుంది. హీరో మెర్సో తల్లి చనిపోతే ఏడవడు. బీచ్‌లో ఓ అరబ్బును కాల్చి చంపేస్తాడు. కోర్టులో మాత్రం హత్య కంటే ఆ రాని కన్నీళ్లే పెద్ద నేరమైపోతాయి. మరణశిక్ష పడుతుంది. తెల్లారగట్ల అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంటాడు. దేవుణ్ని నమ్మమని వచ్చిన మతగురువు మీద విరుచుకుపడతాడు. ఆ కోపం చల్లారాకే అసలు మలుపు. రాత్రి గాలి, మట్టి వాసన తగులుతాయి. ముసలితనంలో అమ్మ మళ్లీ ఓ తోడును ఎందుకు వెతుక్కుందో అప్పుడు తెలుస్తుంది. తాను సంతోషంగానే బతికానని గ్రహిస్తాడు. హీరో రాయిలా ఉన్నాడని సగంలో పుస్తకం మూసేసేవాళ్లు ఈ చివరి పేజీలు మిస్సవుతున్నట్టే. అయితే చనిపోయిన అరబ్బుకు నవలలో పేరు కూడా లేదన్న విమర్శ ఉంది. అందులో న్యాయమూ ఉంది.

1947లో 'ది ప్లేగ్' వచ్చింది. కరోనా టైమ్‌లో జనం మళ్లీ వెతికి చదివిన నవల ఇదే. ఇందులో డాక్టర్ రియూ గెలుస్తానన్న నమ్మకం లేకపోయినా రోగుల్ని వదిలిపెట్టడు. 1957లో నోబెల్ వచ్చింది. అస్తిత్వవాది అనే ముద్ర మాత్రం కామూకి నచ్చేది కాదు.

ఇంతకీ ఆ ప్రమాద స్థలంలో ఇంకేం దొరికిందంటే.. బ్యాగులో 144 పేజీల రాతప్రతి. పేరు 'ది ఫస్ట్ మ్యాన్'. అందులో 40 ఏళ్ల కొడుకు తండ్రి సమాధి దగ్గర నిలబడి, తనకంటే తండ్రి చిన్నవాడని లెక్కగడతాడు. కూతురు కేథరిన్ 1994లో దాన్ని అచ్చు వేయించారు. ఆ పుస్తకాన్ని కామూ తల్లికే అంకితమిచ్చారు, ఆమెకు చదవడం రాదని తెలిసే. కొడుకు పోయిన ఏడాదిలోనే, సెప్టెంబర్‌లో ఆమె కూడా కన్నుమూసింది.