జుడో విద్యా స్థాపకుడు జిగొరో కానో

దేహబలము లేనివాడు బలవంతుని యెదుట నిలువగలడా? ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా జేసిన మహనీయుడు జిగొరో కానో. ఆయన 1860వ సంవత్సరమున జపాను దేశమునందు, కోబె నగరమునకు సమీపమున నున్న మికాగె గ్రామమున జన్మించెను. వారిది సాకె యను బియ్యపు మద్యమును తయారుచేయు సంపన్న కుటుంబము. బాల్యముననే తల్లి మరణింపగా, తండ్రి యాతనిని టోక్యో నగరమునకు గొనిపోయెను.

పాఠశాలలో కానో చదువున ముందుండెడివాడు. కాని పొట్టివాడును, బలహీనుడును అగుటచే తోటిబాలురు కొందరు ఆతనిని కొట్టి బాధించుచుండిరి. చిన్నవాడు పెద్దవానిని జయించుటకు సాధనమైన జుజుత్సు అను ప్రాచీన మల్లవిద్య కలదని విని, దానిని నేర్వవలెనని ఆతడు సంకల్పించెను. అయితే 1868లో రాజ్యవ్యవస్థ మారినపిదప జపానీయులు పాశ్చాత్య విద్యలవైపు మొగ్గిరి. పాత విద్యలకు ఆదరణము తగ్గెను. జుజుత్సు గురువులు పలువురు విరిగిన యెముకలకు కట్లు కట్టి జీవించుచుండిరి. కానో అట్టి వైద్యుల యిండ్లు వెదకి వెదకి, 1877లో ఫుకుదా హచినొసుకె అను గురువును ఆశ్రయించెను.

ఆ గురువు మాటలతో వివరించెడివాడు కాడు. పట్టులోని కిటుకు నడిగిన శిష్యుని మరల మరల పడవేసి, అనుభవముచేతనే తెలిసికొనునట్లు చేసెడివాడు. ఒడలంతయు గాయములైనను కానో అభ్యాసమును మానలేదు. అచ్చట మిక్కిలి బలిష్ఠుడైన సహాధ్యాయి యొకడుండెను. వానిని ఓడింపజాలక, కానో గ్రంథాలయమునకు బోయి పాశ్చాత్య కుస్తీని గూర్చి చదివెను. అందలి పట్టు నొకదానిని సాధనచేసి, వానిని భుజములపై కెత్తి పడవైచెను.

ఫుకుదా 1879లోను, రెండవ గురువగు ఇసో 1881లోను మరణించిరి. కానో నిరాశ చెందక, ఈకుబో అను మరియొక గురువునొద్ద చేరెను. ప్రత్యర్థి నిలుకడను ముందుగా తప్పించినచో, స్వల్పబలముతోనే పడవేయవచ్చునని క్రమముగా గ్రహించెను.

విశ్వవిద్యాలయమున పట్టము నొందిన మరుసటి యేడు, అనగా 1882లో, టోక్యోలోని ఎయిషోజి దేవాలయమున కానో తన శాలను స్థాపించెను. దాని పేరు కొదొకాన్. అందు పరచినవి 12 చాపలు. చేరిన శిష్యులు తొమ్మండుగురు. ప్రాణాపాయకరమైన పట్లను పోటీలనుండి తొలగించి, ఆయన తన విద్యకు మృదుమార్గమను అర్థముగల జుడో అను పేరిడెను. శక్తిని వృథా చేయక సద్వినియోగపరచుట, పరస్పర క్షేమమును కోరుట అనునవి దానికి మూలసూత్రములు. ఆయన స్త్రీలకును ఈ విద్యను నేర్పెను.

కానో గొప్ప విద్యావేత్త కూడ. ఉపాధ్యాయులను తయారుచేయు టోక్యో ఉన్నత శిక్షణ పాఠశాలకు ఇరువది సంవత్సరములకు పైగా అధ్యక్షుడై యుండెను. చీనా విద్యార్థులకై ఆయన నెలకొల్పిన పాఠశాలలో ప్రసిద్ధ రచయిత లూ షున్ చదివెను. జుడోను గూర్చియు, విద్యను గూర్చియు కానో అనేక వ్యాసములు వ్రాసెను. విదేశీయులకై ఆంగ్లమున రచించిన జుడో గ్రంథము 1937లో వెలువడెను. రవీంద్రనాథ ఠాకూరు కోరికపై 1929లో కొదొకాన్ నుండి తకగాకి యను గురువు శాంతినికేతనమునకు వచ్చి జుడో నేర్పెను.

1909లో కానో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమున సభ్యుడయ్యెను. ఆసియా ఖండమునుండి ఆ గౌరవము నొందిన ప్రథముడాయనయే. 1940 క్రీడలను టోక్యోలో జరిపించుటకు ఆయన మిక్కిలి పాటుపడెను. 1938లో కైరో సమావేశమునకు బోయి, తిరిగివచ్చుచు, మే 4వ తేదీన ఓడలోనే కన్నుమూసెను. అప్పటి కాయనకు 77 ఏండ్లు. చీనాతో యుద్ధము సాగుచుండుటచే జపాను ఆ యేడే క్రీడలను వదలుకొనెను. 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు జుడో తొలిసారిగా వానియందు చోటు సంపాదించెను.

తన్ను కొట్టినవారిని తిరిగి కొట్టుటతో కానో తృప్తిపడియుండినచో, లోకమున కీ విద్య లభించెడిది కాదు. తన బలహీనతను దాచుకొనక, దానిని జయించు మార్గమును వెదకి, దొరకినదానిని పదిమందికి పంచిపెట్టుటయే ఆయన గొప్పతనము.