మత్తును జయించలేకపోయిన మహా వైద్యుడు

ఆపరేషన్ గదిలో రబ్బరు గ్లౌజులు వాడుకలోకి రావడానికి ముఖ్య కారకుడు విలియం స్టీవర్ట్ హాల్‌స్టెడ్. 1852లో అమెరికాలోని న్యూయార్క్‌లో పుట్టారు. 1877లో వైద్య పట్టా పుచ్చుకుని, కొద్దికాలంలోనే చురుకైన సర్జన్‌గా పేరు తెచ్చుకున్నారు.

కొకైన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని 1884లో కార్ల్ కోలర్ అనే వైద్యుడు చూపించారు. అది చదివిన హాల్‌స్టెడ్, నరం దగ్గర కొకైన్ ఇంజెక్షన్ ఇస్తే ఆ భాగమంతా నొప్పి తెలియదని నిరూపించారు. పంటి డాక్టరు నేడిచ్చే మత్తు ఇంజెక్షన్‌కు అదే పునాది. అయితే ఆ ప్రయోగాలు తన మీద, తోటి డాక్టర్ల మీద చేశారు. అలా కొకైన్‌కు బానిసయ్యారు. 1886లో ఆసుపత్రిలో చేరారు. చివరికి కొకైన్ స్థానంలో మార్ఫిన్ వచ్చి చేరింది.

మిత్రుడు విలియం వెల్చ్ ఆయన్ను బాల్టిమోర్ తీసుకెళ్లారు. 1889లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆయన గొప్ప సర్జన్ అయ్యారు. మందునీళ్లకు చేతులు పాడైన నర్సు కరోలిన్ హాంప్టన్ కోసం గ్లౌజులు చేయించారు. 1890లో ఆమెనే పెళ్లాడారు. యువ సర్జన్లకు శిక్షణ పద్ధతిని ఏర్పరిచారు. అయినా మార్ఫిన్ అలవాటు వదల్లేదు. ఈ సంగతి అతికొద్ది మందికే తెలుసు. 1922లో కన్నుమూశారు.

ఇంత క్రమశిక్షణ గల మనిషి ఎందుకు మానలేకపోయారు? జవాబు ఆయన కాలానికి తెలియదు. మెదడులో డోపమిన్ అనే రసాయనం ఒక పని మళ్లీ చేయాలనే కోరిక పుట్టిస్తుంది. కొకైన్ దాన్ని నరకణాల మధ్యే నిలిపేస్తుంది. మార్ఫిన్ అతుక్కునే గ్రాహకాలు మెదడులో ఉన్నాయని 1973లో తేలింది. వాడేకొద్దీ మెదడు ఆ మందుకు అలవాటు పడుతుంది. మానితే శరీరం తిరగబడుతుంది. వ్యసనానికి లోనయ్యే ముప్పులో దాదాపు సగం వంశపారంపర్యమని కవలల మీద అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే అది ముప్పే తప్ప తలరాత కాదు.

ఆయన పుట్టిన న్యూయార్క్‌లోనే 1960లలో మెథడోన్ చికిత్స మొదలైంది. తర్వాత బ్యుప్రెనార్ఫిన్ వచ్చింది. ఇవి అవే గ్రాహకాలకు అతుక్కుని మందు కోసం తహతహను తగ్గిస్తాయి. హాల్‌స్టెడ్‌కు ఆ అవకాశం లేదు. ఆయనకు మిగిలింది గోప్యత ఒక్కటే.

నేడు మన పిల్లల ఇళ్లలో ఎవరైనా తాగుడుకో మత్తుకో లోబడి ఉంటే, దాచిపెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. తాగుబోతు కొడుకని తరగతిలో ఒక్క మాట జారినా ఆ పిల్లవాడు నోరు విప్పడు. సాయానికి 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.